ఎంటర్ కొట్టకుండా ఒక్క కీ చదవడం ఎలా: రొయ్యల గట్టు మీద అవసరపడిన ప్రోగ్రాం

నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర మా మామకు రెండు రొయ్యల గుంటలున్నాయి. పట్టుబడి రోజు తెల్లవారుజామున మూడింటికే వల లాగడం మొదలవుతుంది. ట్రేలు ఒకదాని వెనక ఒకటి కాటా మీదికి వస్తుంటాయి. ఒక పక్క ఐసు, ఇంకో పక్క లారీ, మధ్యలో లెక్క రాసేవాడు. ఆ లెక్క రాసే పని నాది. ఒకసారి లెక్కల పుస్తకం నీళ్లలో పడి, ఆ రోజు ఎన్ని ట్రేలు పోయాయో తేలక పెద్ద రాద్ధాంతం అయింది. దాంతో ఇంట్లో మూలపడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసి, పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. మంచి ట్రే వస్తే స్పేస్‌బార్. సాఫ్ట్ ట్రే వస్తే ఎస్. సాఫ్ట్ అంటే గుల్ల విడిచి, కొత్త గుల్ల ఇంకా గట్టిపడని రొయ్య. దానికి రేటు తక్కువ కాబట్టి లెక్క విడిగా ఉండాలి. తప్పు కొడితే వెనక్కి తీసుకోవడానికి యు, పని అయిపోతే క్యూ.

మొదటిసారి పైథాన్‌లో అందరూ వాడే ఇన్‌పుట్ ఫంక్షనే వాడాను. మామ రెండు ట్రేలు చూశాడు. "ఏందిరా ఇది, ఒక్క ట్రేకి రెండుసార్లు కొట్టాలా?" అన్నాడు. తడి గ్లౌజుతో స్పేస్ కొట్టి, మళ్లీ వెతుక్కుని ఎంటర్ కొట్టాలి. ఎంటర్ మర్చిపోతే మూడు ట్రేలు ఒకే వరసలో పేరుకుంటాయి. న్యాయంగా ఆయన అడిగింది చిన్న కోరికే: కీ నొక్కగానే లెక్క పడాలి. ఆ చిన్న కోరిక తీర్చడానికి నాకు ఎన్ని రోజులు పట్టిందో చెబితే మీరు నవ్వుతారు. ఆ రోజులు మీకు మిగలాలనే ఇది రాస్తున్నాను.

ఒక్క మాట ముందే. ఫంక్షన్ల పేర్లు ఇక్కడ వినబడినట్టు తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కలిపి కొట్టండి. ఆట్ర్ అని కనిపిస్తే అది ఏ, టీ, టీ, ఆర్ అనే నాలుగు అక్షరాలు.

అసలు ఎంటర్ దాకా ఎందుకు ఆగుతుంది

మా తరం ఇంజనీరింగ్ ల్యాబుల్లో టర్బో సి వాడిన వాళ్లకు ఈ ప్రశ్నే వచ్చేది కాదు. నీలం స్క్రీను, ప్రోగ్రాం చివర గెట్‌సీహెచ్ అని ఒక లైను, ఏదో ఒక కీ నొక్కితే బయటికి. 1987లో బోర్లాండ్ తెచ్చిన ఆ కంపైలర్ డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం కోసం రాసింది. గెట్‌సీహెచ్ ఉండే కోనియో ఫైలు సి భాష ప్రమాణంలో భాగం కాదు, డాస్ కంపైలర్లు ఇచ్చిన అదనపు సరుకు. అందుకే అదే ప్రోగ్రాంను లైనక్స్‌లో జీసీసీ కంపైలర్‌కు ఇస్తే, అలాంటి ఫైలే లేదంటుంది.

లైనక్స్‌లో మీ కీబోర్డుకూ మీ ప్రోగ్రాంకూ మధ్య కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టం నడిమి భాగంలో, ఒక మధ్యవర్తి ఉంటాడు. పేరు లైన్ డిసిప్లిన్. వాడి పద్ధతి మన షేర్ ఆటో డ్రైవర్ పద్ధతే. ఒక మనిషి ఎక్కగానే బండి కదలదు. నిండాలి. మీరు కొట్టిన అక్షరాలన్నీ ఆటోలో కూర్చుంటాయి, బ్యాక్‌స్పేస్ కొడితే ఆఖరున ఎక్కినవాడు దిగిపోతాడు, ఎంటర్ ఎక్కాక గానీ బండి మీ ప్రోగ్రాం వైపు బయల్దేరదు. దీన్ని కెనానికల్ మోడ్ అంటారు. ప్రోగ్రాంకు మీరు మధ్యలో ఏం దిద్దుకున్నారో తెలియదు, నిండిన వరస మాత్రమే అందుతుంది. టైపు మిషన్లాంటి టెలిటైప్ యంత్రాలు కంప్యూటర్‌కు తగిలించి వాడిన రోజుల నుంచి వస్తున్న ఏర్పాటు ఇది. టెర్మినల్‌ను ఇప్పటికీ టీటీవై అనడం కూడా ఆ టెలిటైప్ పేరు మీదే.

మొదటి అడుగు: కోడ్ రాయకముందు కళ్లతో చూడండి

టెర్మినల్ తెరిచి క్యాట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఇప్పుడు నాలుగు అక్షరాలు కొట్టండి. అవి తెర మీద కనిపిస్తాయి, కానీ క్యాట్ వాటిని ఇంకా చూడలేదు. ఎంటర్ కొట్టాకే అదే వరస రెండోసారి కనిపిస్తుంది. మొదటిది మధ్యవర్తి చూపించిన ప్రతిధ్వని, రెండోది క్యాట్ రాసింది. కంట్రోల్ సి కొట్టి బయటికి రండి.

ఇప్పుడు ఎస్‌టీటీవై అనే కమాండ్‌కు రెండు మాటలు ఇవ్వండి: మైనస్ గుర్తు పెట్టి ఐకెనాన్, మళ్లీ మైనస్ గుర్తు పెట్టి ఎకో. ఐకెనాన్ అంటే ఆ కెనానికల్ మోడ్, ఎకో అంటే ఆ ప్రతిధ్వని, మైనస్ అంటే ఆపెయ్ అని. అదే లైనులో సెమికోలన్ పెట్టి క్యాట్. ఇప్పుడు ఒక్కో అక్షరం కొట్టగానే ఒక్కసారే కనిపిస్తుంది, ఎంటర్‌తో పని లేదు. ఆటో ఖాళీగానే బయల్దేరుతోంది. కంట్రోల్ సి కొట్టి, తర్వాత ఎస్‌టీటీవై సేన్ అని కొట్టండి. అక్షరాలు తెర మీద కనిపించకపోయినా కొట్టేయండి, అది పని చేస్తుంది. టెర్మినల్ మళ్లీ మామూలు మనిషవుతుంది.

పైథాన్‌లో మనం చేయబోయేది కూడా ఈ రెండు స్విచ్చులు కట్టేసి, మళ్లీ వేయడమే. మిగతాదంతా దాని చుట్టూ పడే జాగ్రత్త.

రెండో అడుగు: పాత అమరిక దాచుకోండి, తర్వాతే ముట్టుకోండి

పైథాన్‌లో టెర్మియోస్, టీటీవై అని రెండు మాడ్యూళ్లున్నాయి. టెర్మియోస్‌లోని టీసీగెట్‌ఆట్ర్ ఇప్పుడున్న అమరిక మొత్తం తెచ్చి ఇస్తుంది. టీసీసెట్‌ఆట్ర్ దాన్ని తిరిగి పెడుతుంది. టీటీవైలోని సెట్‌సీబ్రేక్ ఐకెనాన్‌నూ ఎకోనూ ఒకేసారి ఆపేస్తుంది. ప్రోగ్రాం అస్థిపంజరం ఇంత:

పాతది = టీసీగెట్‌ఆట్ర్(0)
ట్రై:
    సెట్‌సీబ్రేక్(0)
    ఎడతెగకుండా:
        బైటు = ఓఎస్.రీడ్(0, 1)
        ఖాళీ వస్తే: ఆగిపో
        స్పేస్ అయితే: మంచి ట్రే
        ఎస్ అయితే: సాఫ్ట్ ట్రే
        యు అయితే: ఆఖరుది రద్దు
        క్యూ అయితే: ఆగిపో
ఫైనలీ:
    టీసీసెట్‌ఆట్ర్(0, టీసీఎస్ఏఫ్లష్, పాతది)

ఇక్కడ 0 అంటే కీబోర్డు వచ్చే ఫైలు నంబరు, స్టాండర్డ్ ఇన్‌పుట్. రీడ్‌లోని 1 అంటే ఒక్క బైటు, 0 నుంచి 255 లోపు ఒక సంఖ్య. టీసీఎస్ఏఫ్లష్ టెర్మియోస్‌లోని స్థిరాంకం, అది మాత్రం అన్నీ పెద్ద అక్షరాల్లో కొట్టాలి. దాని పని ఏమిటంటే, అమరిక మార్చేముందు ఇంకా చదవని కీలను పారేయడం. క్యూ కొట్టాక తొందరలో ఇంకో నాలుగు కీలు నొక్కితే అవి షెల్‌కు, అంటే టెర్మినల్‌లో మన కమాండ్లు అందుకునే ప్రోగ్రాంకు, కమాండ్‌గా చేరకుండా ఇది కాపాడుతుంది.

ఓఎస్.రీడ్ బదులు సిస్.ఎస్‌టీడీఇన్.రీడ్ వాడొద్దు. నేను వాడి రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. అది ఒక్క అక్షరం అడిగినా, అడుగున దొరికినంతా తీసుకుని తన జేబులో వేసుకుంటుంది. తర్వాత మీరు సెలెక్ట్ ఫంక్షన్‌ను "ఇంకేమన్నా వచ్చిందా" అని అడిగితే, అది కెర్నల్ వైపు చూసి లేదంటుంది. సరుకు మాత్రం పైథాన్ జేబులో ఉంది. బాణం కీలు నొక్కినప్పుడు ఇది బాగా తగులుతుంది.

ఖాళీ వస్తే ఆగాలన్న లైను కూడా మర్చిపోకండి. అవతల ఇన్‌పుట్ మూసుకుపోతే రీడ్ ఖాళీ బైట్లు ఇస్తూనే ఉంటుంది, మీ లూప్ ఊరికే తిరుగుతూ ఫ్యాన్ హోరెత్తిస్తుంది.

సీబ్రేక్ కావాలా, రా కావాలా

ఇంటర్నెట్‌లో దొరికే కోడ్ చాలాసార్లు సెట్‌రా వాడుతుంది. నా మాట వింటే దాని జోలికి పోవద్దు, ఎడిటర్ లాంటిది రాస్తుంటే తప్ప. రా మోడ్ మధ్యవర్తిని పూర్తిగా ఇంటికి పంపేస్తుంది. కంట్రోల్ సి కొడితే ప్రోగ్రాం ఆగదు, 3 అనే బైటు వచ్చి పడుతుంది, దాంతో ఏం చేయాలో మీరే చూసుకోవాలి. ఎంటర్ నొక్కితే 10 కాదు, 13 వస్తుంది. పైగా అవుట్‌పుట్ సవరింపు కూడా పోతుంది కాబట్టి, ప్రింట్ చేసిన ప్రతి లైనూ కిందికి దిగుతుంది గానీ ఎడమ అంచుకు రాదు. తెర నిండా అక్షరాలు పెన్నలోకి దిగే రేవు మెట్లలా వంకరగా పోతాయి. మొదటిసారి చూస్తే కంప్యూటర్ పాడైందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

సీబ్రేక్‌లో కంట్రోల్ సి కంట్రోల్ సి లాగే పని చేస్తుంది, లైన్లు తిన్నగా వస్తాయి. ఒక్క విషయం మిగిలే ఉంటుంది: కంట్రోల్ ఎస్. అది కొడితే తెర గడ్డకట్టినట్టు ఆగిపోతుంది. టెన్షన్ పడకండి, కంట్రోల్ క్యూ కొడితే కదులుతుంది. అవుట్‌పుట్‌ను ఆపి నడిపే పాత సంజ్ఞలవి, ప్రోగ్రాం పాడవలేదు.

మూడో అడుగు: టెర్మినల్ తిరిగిచ్చేది ఎవరు

కిరాయికి తెచ్చిన మోటారును ఎలా తెచ్చామో అలా అప్పజెప్పాలి కదా, టెర్మినల్ కూడా అంతే. ఫైనలీ ఉంది కాబట్టి, కోడ్‌లో తప్పు వచ్చినా, కంట్రోల్ సి కొట్టినా పాత అమరిక తిరిగి వస్తుంది. కానీ బయటినుంచి కిల్ కమాండ్ పంపితే సిగ్‌టర్మ్ అనే సంకేతం వస్తుంది, దానికి పైథాన్ ఫైనలీ దాకా రాకుండానే చచ్చిపోతుంది. సిగ్నల్ మాడ్యూల్‌తో సిగ్‌టర్మ్‌కు ఒక చిన్న ఫంక్షన్ తగిలించి, అందులో సిస్.ఎగ్జిట్ పిలవండి. అప్పుడు ఫైనలీ నడుస్తుంది. కంట్రోల్ జెడ్‌తో ఆపి మళ్లీ ముందుకు తెచ్చే అలవాటు ఉంటే, మళ్లీ నడవమనే సిగ్‌కాంట్ సంకేతం వచ్చినప్పుడు సెట్‌సీబ్రేక్ ఇంకోసారి పిలిస్తే నిశ్చింత. కిల్ మైనస్ 9కి మాత్రం మందు లేదు, ఆ సంకేతాన్ని ప్రోగ్రాం పట్టుకోలేదు.

అలా చచ్చిపోయి టెర్మినల్ మూగబోతే, ఏం కొట్టినా కనిపించకపోతే, కిటికీ మూసేయకండి. ఎస్‌టీటీవై సేన్ అని గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కండి. ఎంటర్ కూడా పని చేయకపోతే కంట్రోల్ జె నొక్కండి, అది అసలు న్యూలైన్‌నే పంపుతుంది. అప్పటికీ తెర గందరగోళంగా ఉంటే రీసెట్ కమాండ్.

నాలుగో అడుగు: నొక్కి పట్టుకున్న కీ

ఇక్కడ నేను దెబ్బతిన్నాను, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

ప్రోగ్రాం బాగా నడుస్తోంది, మామ సంతోషంగా ఉన్నాడు. ఒక ట్రే వచ్చింది, స్పేస్ కొట్టాడు, కొట్టిన చెయ్యి అలాగే ఆనించి లారీ డ్రైవర్ వైపు తిరిగి ఐసు గురించి ఏదో అరిచాడు. తిరిగి చూసేసరికి లెక్క 38 నుంచి 99కి పోయింది. "ఒరేయ్, రొయ్యలు ఇంత తొందరగా పెరుగుతాయా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అరవై ఒక్కసారి యు కొట్టి వెనక్కి తెచ్చాను.

కారణం ఇది. టెర్మినల్‌కు కీ కింద పడింది, పైకి లేచింది అన్న తేడా తెలియదు. దానికి అందేది అక్షరం ఒక్కటే. కీ పట్టుకుని ఉంటే ఆపరేటింగ్ సిస్టం అదే అక్షరాన్ని మళ్లీ మళ్లీ పంపుతుంది. మొదటి అక్షరం తర్వాత సుమారు అర సెకను ఆగుతుంది, ఆ తర్వాత సెకనుకు పాతిక ముప్ఫై చొప్పున కురిపిస్తుంది. ఈ అంకెలు మీ సెట్టింగుల్లో వేరుగా ఉండొచ్చు.

నా మొదటి మందు: అదే కీ 300 మిల్లీసెకన్ల లోపు మళ్లీ వస్తే లెక్కపెట్టకు. ఇంట్లో కీ పట్టుకుని చూశాను. ఒకటికి బదులు రెండు పడుతున్నాయి. ఎందుకో వెంటనే తట్టలేదు. మొదటి రిపీట్ రావడానికే అర సెకను పడుతుంది కదా, అంటే 300 దాటే వస్తుంది, కాబట్టి దాన్ని కొత్త నొక్కుగా తీసుకుంటోంది. ఆ తర్వాతవి దగ్గరదగ్గరగా వస్తాయి కాబట్టి ఆగిపోతున్నాయి. గడువు ఆ మొదటి విరామం కంటే ఎక్కువ ఉండాలి. ఒక సెకను పెట్టాను. మా కాటా మీద రెండు ట్రేలు సెకనులో రావు, కాబట్టి నష్టం లేదు.

ఇంకో మెలిక ఉంది. గడువును దేని నుంచి కొలవాలి? ఆఖరుగా లెక్కపెట్టిన నొక్కు నుంచి కొలిస్తే, పట్టుకున్న కీ సెకనుకు ఒకటి చొప్పున లెక్కపడుతూనే ఉంటుంది. ఆఖరుగా వచ్చిన బైటు నుంచి కొలవాలి, దాన్ని లెక్కపెట్టకపోయినా సరే, టైము మాత్రం గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు ఎంతసేపు పట్టుకున్నా ఒక్కటే. టైముకు టైమ్.మోనోటోనిక్ వాడండి, మామూలు గడియారం వాడితే నెట్ కలిసినప్పుడు అది వెనక్కో ముందుకో జరగొచ్చు. ఈ కట్టడి ఒకే కీకి మాత్రమే పెట్టండి, స్పేస్ వెంటనే ఎస్ కొడితే రెండూ లెక్కపడాలి.

ఐదో అడుగు: ఒక్క కీ అంటే ఒక్క బైటు కాదు

ఇంకో పట్టుబడి ముందు రాత్రి నేను ల్యాప్‌టాప్‌లో తెలుగు కీబోర్డు ఆన్ చేసి వదిలేశాను. ఇన్‌స్క్రిప్ట్ అనే ఆ కీబోర్డు అమరికలో యు కీ మీద ఉండేది హ. తెల్లవారి యు కొడితే ప్రోగ్రాం తెలియని కీ అని మూడుసార్లు బీప్‌మంది. నొక్కింది ఒక్కటి, వచ్చింది మూడు: 224, 176, 185. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్ 8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు, పొల్లు కూడా మూడేసి బైట్లు. నెల్లూరు అన్న మాటలో అలాంటివి ఎనిమిదున్నాయి, మొత్తం 24 బైట్లు.

చదివే పద్ధతి కష్టం కాదు. మొదటి బైటు 128 కంటే తక్కువైతే అదే అక్షరం. 192 నుంచి 223 దాకా అయితే ఇంకొకటి చదవండి, 224 నుంచి 239 దాకా అయితే ఇంకో రెండు, 240 పైన అయితే ఇంకో మూడు. అన్నీ కలిపి డీకోడ్ చేస్తే ఒక అక్షరం. ఇప్పుడు నా ప్రోగ్రాంలో హ వచ్చినా యు అనే తీసుకుంటుంది. అనుభవం మీద రాసిన లైను అది.

బాణం కీలు ఇంకో రకం. పై బాణం నొక్కితే 27, 91, 65 వస్తాయి, అంటే ఎస్కేప్, చదరపు బ్రాకెట్టు, పెద్ద ఎ. కింది బాణానికి ఆఖరుది బి, కుడికి సి, ఎడమకు డి. కొన్ని మోడ్‌లలో బ్రాకెట్టు బదులు పెద్ద ఓ వస్తుంది, రెండూ ఒప్పుకోండి. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్ వాడిన ఈ సంకేతాలనే ఇప్పటి టెర్మినల్ కిటికీలూ పంపుతున్నాయి.

చిక్కేమిటంటే, ఎస్కేప్ కీ ఒక్కటే నొక్కినా వచ్చేది అదే 27. ఇది ఒంటరి ఎస్కేపా, బాణానికి మొదటి ముక్కా? తేల్చే దారి ఒకటే, కాస్త ఆగి చూడటం. 27 రాగానే సెలెక్ట్‌ను 50 మిల్లీసెకన్ల గడువుతో పిలవండి. ఇంకేమైనా వస్తే బాణం, రాకపోతే ఎస్కేప్. అదే ల్యాప్‌టాప్ మీద 50 చాలు, దూరంలో ఉన్న సర్వర్‌లోకి నెమ్మది నెట్ మీద వెళ్తే ముక్కలు ఆలస్యంగా రావొచ్చు, అప్పుడు పెంచుకోండి. టెర్మినల్ తెరను నడిపే ఎన్‌కర్సెస్ లైబ్రరీ, మనం ఏమీ చెప్పకపోతే, ఏకంగా 1000 మిల్లీసెకన్లు ఆగుతుంది, అందుకే కొన్ని ప్రోగ్రాంలలో ఎస్కేప్ కొడితే బద్ధకంగా కదులుతాయి. వీలైతే ఎస్కేప్ కీకి ఏ పనీ పెట్టకుండా ఉండటం నా పద్ధతి.

సెలెక్ట్ ఇంకో పనికీ వస్తుంది. రీడ్ కీ వచ్చేదాకా కదలదు కదా, ఈలోగా తెర మీద టైము మారాలంటే ఒక సెకను గడువుతో సెలెక్ట్ పిలిచి, ఏమీ రాకపోతే టైము దిద్ది మళ్లీ పిలవండి.

ఆరో అడుగు: ప్రతి నొక్కూ ఫైల్లో పడాలి

గట్టు మీద కరెంటు ఉండదు, పాత బ్యాటరీకి నమ్మకం లేదు. అందుకని ప్రతి నొక్కుకూ టైముతో ఒక లైను ఫైలు చివర చేర్చి, ఫ్లష్ చేసి, ఓఎస్.ఎఫ్‌సింక్ పిలుస్తాను, అప్పుడు ఆ లైను డిస్కు దాకా చేరుతుంది. యు కొడితే పాత లైను చెరపను, రద్దు అని కొత్త లైను రాస్తాను. లారీ వాళ్ల లెక్కకూ మన లెక్కకూ తేడా వచ్చినప్పుడు, ఏ టైములో ఏం జరిగిందో చూపించడానికి అదే పనికొస్తుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ ఫైలు చదివి లెక్క అక్కడినుంచే ఎత్తుకుంటుంది.

మిగిలిన ముచ్చట్లు

ప్రోగ్రాంను పైపు ద్వారానో, కొన్ని ఎడిటర్ల లోపలి రన్ బటన్ తోనో నడిపితే టీసీగెట్‌ఆట్ర్ "ఇన్‌అప్రోప్రియేట్ ఐఓసీటీఎల్ ఫర్ డివైస్" అని తిడుతుంది. అక్కడ అసలు టెర్మినలే లేదని దాని అర్థం. మొదట్లోనే ఓఎస్.ఈజ్‌ఏటీటీవైతో అడిగి, లేకపోతే మర్యాదగా చెప్పి బయటపడండి.

పైథాన్ అక్కర్లేని చిన్న పనికి బ్యాష్ షెల్‌లోని రీడ్ చాలు: మైనస్ గుర్తుతో ఆర్, ఎస్, ఎన్ ఆప్షన్లు, ఎన్ పక్కన 1. ఒక్క అక్షరం, తెర మీద కనిపించకుండా. ఇది బ్యాష్‌లోనే, డ్యాష్ షెల్‌లో ఎన్ ఆప్షన్ లేదు.

విండోస్‌లో టెర్మియోస్ ఉండదు. ఎంఎస్‌వీసీఆర్‌టీ మాడ్యూల్‌లో గెట్‌డబ్ల్యూసీహెచ్ ఉంది, టర్బో సి నాటి గెట్‌సీహెచ్‌కు చుట్టమే. బాణం నొక్కితే ముందు 0 గానీ 224 గానీ వస్తుంది, వెంటనే రెండోసారి పిలిస్తే అసలు కోడ్: పైకి 72, కిందికి 80, ఎడమకు 75, కుడికి 77. ఏదైనా వచ్చిందా అని ముందే చూడటానికి కేబీహిట్. మధ్యవర్తి అమరిక మార్చి తిరిగి పెట్టే బాధ అక్కడ లేదు.

ఈసారి పట్టుబడికి కీబోర్డు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టాను. కవరు మీద ఐసు నీళ్లు పడి ఎస్ ఎక్కడుందో కనబడటం లేదని మామ గొడవ చేస్తే, అత్త తన నెయిల్ పాలిష్ తెచ్చి ఎస్ మీద ఎర్ర చుక్క పెట్టింది.